తెల్ల బిళ్ళ, ఎర్ర బిళ్ళ: ఇంటి మందుల పుస్తకం ఎలా రాసుకోవాలి

"ఇంతకుముందు ఏం మందులు వాడారమ్మా?"

"తెల్ల బిళ్ళొకటి, ఎర్ర బిళ్ళొకటి, సగం పసుపూ సగం పచ్చా గొట్టం ఒకటి. సూది కూడా ఏశాడు సార్."

కందుకూరులో మందుల షాపు కౌంటరు వెనక నిలబడి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ జవాబు వినని రోజు లేదు. మా బజారుకు ఇటు రామాయపట్నం ఒడ్డు నుంచీ వస్తారు, అటు పామూరు దారిలోని మెట్ట పల్లెల నుంచీ వస్తారు. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు, 2025 చివర మళ్ళీ ప్రకాశంలోకే మార్చారు. జిల్లా ఏదైనా కొందరు అలవాటుగా ఒంగోలు రిమ్స్‌కే పోతారు, కొందరు నెల్లూరు పొగతోట ఆసుపత్రులకు పోతారు. ఎటు పోయినా డాక్టరు మొదట అడిగేది అదే, మనవాళ్ళు చెప్పేదీ అదే. తెల్ల బిళ్ళంటే పారాసిటమాల్ కావచ్చు, స్టెరాయిడ్ కావచ్చు, షుగరు మాత్ర కావచ్చు. రంగు చెబితే డాక్టరుకు తెలిసేది ఏమీ లేదు.

అందుకని ఇంటికో మందుల పుస్తకం పెట్టుకోండి. అందులో ఏం రాయాలో, జ్వరం వచ్చినప్పుడు, తిన్నది ఒంటికి పడనప్పుడు, కుక్క కరిచినప్పుడు అది ఎలా పనికొస్తుందో చెబుతాను. నేను డాక్టర్ని కాను. జబ్బేమిటో తేల్చడం నా పని కాదు. మందు పేరు, మోతాదు, గడువు తేదీ, ఇవి నా పని.

పుస్తకం, రెండు పెన్నులు

పిల్లల లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు, అట్ట గట్టిది చూసుకోండి. నీలం పెన్నొకటి, ఎర్ర పెన్నొకటి దారంతో పుస్తకానికే కట్టేయండి, లేకపోతే రెండో రోజుకే పిల్లల హోంవర్కులోకి పోతాయి. క్యాలెండరు పక్కన మేకుకు తగిలించండి. ఫోన్లో రాసుకుంటే చాలదా అని అడుగుతారు. ఫోను మీ జేబులో బజారుకు పోయినప్పుడు ఇంట్లో అవ్వకు ఆయాసం వస్తే పక్కింటివాళ్ళు దేన్ని చూడాలి? ఫోన్లో ఫొటో ఉంచుకోండి, అసలు మాత్రం కాగితం మీదే ఉండాలి.

ఇంట్లో ఒక్కొక్కరికి నాలుగేసి పేజీలు వదలండి. మొదటి పేజీలో పేరు, పుట్టిన సంవత్సరం, బరువు, పాత జబ్బులు, జరిగిన ఆపరేషన్లు. బరువు పక్కన తేదీ తప్పకుండా వెయ్యండి. పిల్లల మందంతా బరువు లెక్కనే ఇస్తారు, పోయినేడు ఉగాదికి చూసిన బరువు ఈ సంక్రాంతికి చెల్లదు. ఒంటికి పడని మందులు, తిండి పై భాగంలో ఎర్ర సిరాతో రాయండి. ఏమీ లేకపోతే "పడనివి ఇప్పటిదాకా లేవు" అని రాయండి. ఖాళీగా వదిలితే లేవని వదిలారో, రాయడం మరిచారో ఎవరికీ అర్థం కాదు.

ఇంకో లైను చాలామందికి తట్టదు: చేసే పని. మా వైపు పొగాకు ఆకు కోతలప్పుడు తెల్లారే మంచులో తడి ఆకు మోసి, మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతున్నాయి, వాంతులవుతున్నాయి అని వస్తారు. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతే అట్లాగే అవుతుంది. పని సంగతి చెప్పకపోతే దాన్ని ఎండదెబ్బ అనో, తిన్నది పడలేదనో అనుకునే ప్రమాదం ఉంది. పురుగుమందు కొట్టేవాళ్ళకూ ఈ లైను ముఖ్యం.

షీటు మీద చిన్నక్షరాలు చదవడం

బిళ్ళల షీటు వెనక పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని దగ్గరే చిన్నక్షరాల్లో అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటాయి. పుస్తకంలోకి ఎక్కాల్సింది ఈ చిన్నక్షరాల పేరే. ఇంగ్లీషు రాకపోతే మందులిచ్చే కుర్రాడినే రాసివ్వమనండి, రెండు నిమిషాల పని.

ఎందుకింత పట్టుదలంటే, ఒక పెద్దాయన పొద్దున్నే మంచం దిగుతూ పడిపోతున్నాడని కోడలు వచ్చి బలం టానిక్ అడిగింది. వాడే మందులన్నీ సంచిలో తెమ్మన్నా. ఒంగోల్లో రాసిన బీపీ బిళ్ళొకటి, నెల్లూర్లో రాసిన బీపీ బిళ్ళొకటి. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల రెండూ టెల్మిసార్టాన్ 40. ఆర్నెల్లుగా రెండూ మింగుతున్నాడు. నేను ఏదీ ఆపమనలేదు, రెండు షీట్లూ పట్టుకుని అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి పంపా. ఆయన ఒకటి తీసేశాడు. టానిక్ అక్కర్లేకపోయింది.

షీటు ఎడమ పక్క నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. యాంటీబయాటిక్కులన్నీ ఈ కోవే. "అజిత్రోమైసిన్ మూడు బిళ్ళల షీటు ఇవ్వన్నా, పోయినసారి దాంతోనే తగ్గింది" అని గీత ఉన్న ఖాళీ షీటే చూపిస్తారు. పోయినసారి ఆ జలుబు ఏ మందూ వాడకపోయినా తగ్గేదే. వైరస్ జలుబు మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అనవసరంగా మింగితే ఒంట్లో ఉన్న బాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది, రేపు నిమోనియా వచ్చినప్పుడు లొంగదు.

షీటు చించేటప్పుడు గడువు తేదీ ఉన్న కొస ఇంట్లో మిగిలేట్టు రెండో కొస నుంచి చించండి. విడి బిళ్ళలు కొన్నప్పుడు పేరూ తేదీ మీ ముందే కవరు మీద రాయించుకోండి.

పొట్లం మాత్రలు, పేరు లేని సూది

పల్లెల్లో అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తీసేది ఆర్‌ఎంపీయే. ఆయన్ని తిట్టి లాభం లేదు. కానీ ఇచ్చింది ఏమిటో తెలియాలి. అక్కడ వేసే సూదుల్లో తరచుగా కనపడేవి డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్. మొదటిది నొప్పుల మందు, రెండోది స్టెరాయిడ్. వేసిన గంటకే ఒళ్ళు తేలికపడుతుంది గనక చెయ్యి మంచిదన్న పేరొస్తుంది. షుగరు ఉన్నవాళ్ళకు ఆ స్టెరాయిడ్‌తో షుగరు ఒక్కసారిగా పెరుగుతుంది, లోపలున్న అసలు జబ్బు లక్షణాలూ కొంత మరుగున పడతాయి.

అడగడానికి మొహమాటపడతారు. ఇట్లా అడగండి: "సార్, ఆ సూది పేరు ఈ పుస్తకంలో కాస్త రాయండి. మావోడు హైదరాబాదులో ఉంటాడు, ఫోన్ చేసి అడుగుతాడు, నాకు చెప్పను రాదు." తప్పంతా కొడుకు మీదికి పోతుంది, ఎవరికీ కోపం రాదు. రాయకపోతే ఖాళీ సూదిమందు సీసా అడిగి తెచ్చుకోండి, లేదా దాని ఫొటో తీయండి. పొట్లంలో కట్టిన మాత్రలకూ ఇదే పద్ధతి. ఏ షీటులోంచి తీశారో చూపించమంటే చాలామంది చూపిస్తారు.

జ్వరం పేజీ

జ్వరం మొదలైన పూట నుంచే టైము, టెంపరేచరు, ఇచ్చిన మందు రాయాలి. "మంగళవారం రాత్రి 9, 101.4, పారాసిటమాల్ 650. తెల్లారి 4, 102, మళ్ళీ ఒకటి." మూడు రోజుల ఇలాంటి లైన్లు చూస్తే డాక్టరు సగం సంగతి అక్కడే పట్టుకుంటాడు. చెయ్యి పెట్టి చూసి "ఒళ్ళు పెనం లెక్క కాలతా ఉంది" అనడం వేరు, అంకె వేరు. థర్మామీటరు కొనండి.

పెద్దవాళ్ళకు పారాసిటమాల్ 500 గానీ 650 గానీ, ఆరేసి గంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా. మద్యం తాగే అలవాటున్నా, లివరు జబ్బున్నా ఇంకా తగ్గించాలి, ఎంతో డాక్టరే చెప్పాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఎక్కువ మింగడం కాదు, తెలియకుండా రెండుసార్లు మింగడం. జలుబు బిళ్ళల్లో, ఒళ్ళునొప్పుల బిళ్ళల్లో చాలావాటిలో పారాసిటమాల్ ముందే కలిపి ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి, నడుం నొప్పికొకటి అనుకుంటే మూడింట్లోనూ అదే. చిన్నక్షరాలు చదవమనేది ఇందుకే.

పిల్లలకైతే లెక్క కట్టాలి. ఒక్క మోతాదుకు కిలోకు 15 మిల్లీగ్రాములు. పది కిలోల పాపకు 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు సీసా చూడండి. 5 మి.లీ.లో 125 ఉన్న సిరప్ అయితే 6 మి.లీ. అదే 250 ఉన్నదైతే 3 మి.లీ. చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100 ఉంటుంది, అది ఒకటిన్నర మి.లీ. చాలు. చుక్కల మందు చిన్న సీసాలో వస్తుంది, పసిబిడ్డలకిస్తారు కాబట్టి పలచనిదనుకుంటారు. నిజానికి మూడింట్లో చిక్కనిది అదే. ఒక తల్లి సిరప్ మూతతో చుక్కల మందు 5 మి.లీ. కొలిచి పోయబోతూ, సీసా చిన్నదైపోయిందే అని అనుమానమొచ్చి ఫోన్ చేసింది. మూడు మోతాదులకు మించిన మందది. ఏ సీసా వాడుతున్నారో, ఎంత పోయాలో జ్వరం లేని రోజునే లెక్కేసి ఆ పాప పేజీలో రాసిపెట్టండి. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడుస్తుంటే లెక్కలు రావు.

మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరమైతే లెక్కా వద్దు, సీసా వద్దు, నేరుగా ఆసుపత్రికే. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే నిషేధించారు, ఇంట్లో పెద్దవాళ్ళ షీటులోంచి సగం విరిచి ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. దగ్గు సిరప్పుల సంగతి 2025లో మధ్యప్రదేశ్‌లో అందరూ చూశారు. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు రసాయనం కలిసిన సిరప్ తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్పులు రాయొద్దనీ, అయిదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా వద్దనీ కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడు మళ్ళీ చెప్పింది. ఏడాది దాటిన పిల్లలకు రాత్రిపూట అరచెంచా తేనె నయం. ఏడాది లోపు తేనె కూడా వద్దు.

మనకు వానలు అందరిలా జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పడితే నాలుగు రోజులు ముసురు, ఆ తర్వాత రెండు మూడు వారాలకు జ్వరాల చీటీలు. ఆ కాలంలో ఏ జ్వరమైనా డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పుల బిళ్ళా వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు సొంతంగా ఆపకండి, ఆ రోజే డాక్టర్ని అడగండి. డెంగీ తేల్చే ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి అయిదు రోజుల్లో పనికొస్తుంది, తర్వాతైతే ఐజీఎం. జ్వరం మొదలైన తేదీ పుస్తకంలో ఉంటేనే ఏది చేయించాలో తెలుస్తుంది. ఒకటో రోజునే వైడల్ చేయించి టైఫాయిడ్ అని మందులు మొదలుపెట్టడం మా వైపు మరీ ఎక్కువ. అంత తొందరగా చేస్తే ఆ పరీక్ష చెప్పేదేమీ ఉండదు. రక్తంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి.

డెంగీలో జ్వరం దిగిన రోజే జాగ్రత్త పడాల్సిన రోజు. అందరూ తగ్గిందని ఊపిరి పీల్చుకుంటారు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుండగా కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, ఒంటేలు తగ్గడం, వీటిలో ఏది కనపడినా ప్లేట్‌లెట్ల అంకె కోసం ఎదురుచూడకుండా బయల్దేరండి. ఒంటేలు ఎన్నిసార్లు పోశారో కూడా జ్వరం పేజీలో గీతలు గీయండి.

రోజువారీ నొప్పుల బిళ్ళ

ఈ ముక్క కనిగిరి, పామూరు వైపు వాళ్ళకు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుమూ మోకాళ్ళూ పట్టేసినవాళ్ళు అక్కడ ఇంటింటా ఉన్నారు. కూలికి పోవాలంటే పొద్దున ఒక నొప్పుల బిళ్ళ పడాల్సిందే. ఆ బిళ్ళలు కిడ్నీలకు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒకటి రెండు రోజులైతే ఆరోగ్యవంతుడి కిడ్నీ తట్టుకుంటుంది. నెలల తరబడి, అందులోనూ ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగకుండా, పైన బీపీ బిళ్ళ, నీరు తీసే బిళ్ళ కూడా వేసుకుంటుంటే తట్టుకోదు. "గ్యాస్ బిళ్ళతో కలిపే ఏసుకుంటున్నాగా" అంటారు. గ్యాస్ బిళ్ళ కాపాడేది కడుపును, కిడ్నీని కాదు.

ఇలాంటి ఇంట్లో పుస్తకానికి ఇంకో పేజీ కావాలి. నొప్పుల బిళ్ళ మింగిన ప్రతి రోజూ ఒక గీత. నెలకు పది గీతలు దాటితే ఆ పేజీ పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పరీక్ష చేయించిన ప్రతిసారీ అంకె, తేదీ వరుసగా కింద కింద రాయండి. 0.9, 1.1, 1.4 అని వరుసలో కనపడితే ఏం జరుగుతోందో చదువు రానివాళ్ళకు కూడా అర్థమవుతుంది. విడివిడి రిపోర్టుల్లో ఉంటే డాక్టరుకు కూడా కనపడదు.

పడదు, వేడి చేసింది

మా బావ పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. నలభై ఏళ్ళు రొయ్యలు తిన్నాడు. ఒకరోజు కావలిలో పెళ్ళి భోజనం చేసి చెయ్యి కడుక్కునే లోపే పెదాలు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు. "ఇన్నేళ్ళు పడింది ఇప్పుడెందుకు పడదు, నూనె మంచిది కాదేమో" అన్నాడు. రొయ్యలు, పీతలు ఒంటికి పడకపోవడం పెద్దయ్యాక కూడా మొదలవుతుంది. దానికి కారణం ఎక్కువగా ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, ఎంత ఉడికించినా అది చావదు. చేపల్లో పడనిది వేరే ప్రోటీన్. కాబట్టి రొయ్యలు పడనంత మాత్రాన చేపల పులుసు మానాలనేం లేదు, ఒకసారి డాక్టర్ని అడిగి తేల్చుకుంటే చాలు. స్కానింగులో వేసే అయోడిన్ మందు పడకపోవడానికీ రొయ్యలకూ సంబంధం లేదు. స్కానింగుకు ముందు రొయ్యల సంగతి విని భయపెట్టేవాళ్ళున్నారు గనక చెబుతున్నా.

ఎర్ర సిరాతో రాయాల్సింది ఇది: ఏం తిన్నారు లేక ఏ మందు వాడారు, ఎంతసేపటికి మొదలైంది, ఒంట్లో ఎక్కడెక్కడ ఏమైంది, దేనితో తగ్గింది. "రొయ్యలు, పావుగంట, పెదాల వాపు, దద్దుర్లు, ఆయాసం లేదు, సిట్రిజిన్‌తో రెండు గంటల్లో తగ్గింది." ఆ "ఆయాసం లేదు" అన్న రెండు మాటలకూ చాలా విలువ.

ఉత్త దద్దుర్లే అయితే పెద్దవాళ్ళకు సిట్రిజిన్ 10 సరిపోతుంది. మగత వస్తుంది, బండి నడపొద్దు. దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, వాంతులు, కళ్ళు బైర్లు కమ్మడం, వీటిలో ఏదైనా తోడైతే సిట్రిజిన్‌తో కూర్చోకండి. దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు, దానికి మందు తొడ కండరంలోకి వేసే అడ్రినలిన్ సూది. వెంటనే 108కు ఫోన్ చేయండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టండి, ఆయాసపడుతుంటే ఆనుకుని కూర్చోనివ్వండి, నడిపించొద్దు. తగ్గాక కూడా కొన్ని గంటలకు మళ్ళీ తిరగబెట్టవచ్చు, అందుకే ఆసుపత్రిలో కాసేపు ఉంచుతామంటే ఉండండి, బిల్లు కోసం అనుకోకండి.

మందుల విషయంలో మనకున్న చిక్కు "వేడి" అనే మాట. యాంటీబయాటిక్‌తో విరేచనాలైతే వేడి, నోరు పూస్తే వేడి, ఒంటిమీద పొక్కులొస్తే వేడి. అమాక్సిసిలిన్‌తో రెండుసార్లు పల్చగా విరేచనమైతే అది ఆ మందు మామూలుగా చేసే పనే, పడకపోవడం కాదు. దాన్ని ఎర్ర సిరాతో రాస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు మంచి మందు దూరమవుతుంది, నీలంతో రాయండి. కానీ కొత్త మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళ మంట, ఒంటిమీద ఎర్ర మచ్చలు, చర్మం ఊడటం కనపడితే మజ్జిగ తాగి చల్లబరచుకునే వేడి కాదది. ఫిట్స్‌కు వాడే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు కొందరిలో ఇలా చేస్తాయి. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి, షీటు వెంట తీసుకుపోవాలి. బతికి బయటపడ్డాక ఆ మందు పేరు పుస్తకంలోనే కాదు, ఆధార్ కార్డు వెనక చీటీ మీద కూడా ఉండాలి.

టీకాలు

బిడ్డ పుట్టినప్పుడిచ్చే టీకాల కార్డు పోగొట్టనివాళ్ళు అరుదు. ఇచ్చిన రోజే రెండు వైపులా ఫొటో తీసి పుట్టింటికీ అత్తింటికీ పంపించండి. పుస్తకంలో బిడ్డ పేజీకి తేదీలు ఎక్కించండి: పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా, ఆరు, పద్నాలుగు వారాలకు నిమోనియా టీకా, దాని బూస్టరు తొమ్మిదో నెల, తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ మొదటిది, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోదీ, డీపీటీ బూస్టరూ, అయిదారేళ్ళకు ఇంకో డీపీటీ, పదేళ్ళకు, పదహారేళ్ళకు ధనుర్వాతం, డిఫ్తీరియాలకు వేసే టీడీ. అన్నీ సర్కారీ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే.

పురుడు పోసుకుని పుట్టింట్లో ఉండిపోవడం, మధ్యలో జ్వరమొచ్చి వాయిదా పడటం మామూలే. తప్పిన టీకాను మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోట నుంచి వేస్తారు. "ఇంత ఆలస్యంగా వస్తే తిడతారేమో" అని పోనివాళ్ళను చూశా. కాస్త తిడతారు, టీకా వేస్తారు. జలుబుందని వాయిదా వేయకండి. పెంటా వేసిన రాత్రి జ్వరం, తొడ మీద గట్టి ఉండ వస్తే పారాసిటమాల్ చాలు. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చీము పొక్కు లేచి మచ్చ పడుతుంది. దానికి ఏ మందూ పూయొద్దు.

ఆటలమ్మ పోస్తే వేపాకు పెట్టుకోండి, ఎవరూ వద్దనరు. జ్వరానికి పారాసిటమాల్ కూడా ఇవ్వండి, అమ్మవారికి కోపం రాదు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మాత్రం వద్దు. పెద్దవాళ్ళకు, గర్భిణులకు పోస్తే మొదటి రోజే డాక్టరుకు చూపాలి.

ఇక కుక్క కాటు. మొదటి పావుగంట సబ్బుతో, పారే నీళ్ళ కింద పుండు కడగాలి. కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. రేబిస్ టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో అదే రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కండకు వేస్తే పద్నాలుగో రోజు కూడా ఉంటుంది. రక్తం కారిన గాయమైతే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యూనోగ్లోబులిన్ అనే ఇంకో సూదిమందు కూడా వేయాలి, అడగండి. మూడు సూదులు వేయించుకుని నాలుగోది ఎగ్గొట్టేవాళ్ళు ఎక్కువ, అందుకే మొదటి రోజే నాలుగు తేదీలూ పుస్తకంలోనూ క్యాలెండరు మీదా గుండ్రాలు చుట్టండి. అంతా పూర్తయిందని కాగితం ఉన్నవాళ్ళకు మళ్ళీ ఎప్పుడైనా కరిస్తే రెండు సూదులతో సరిపోతుంది, ఇమ్యూనోగ్లోబులిన్ అక్కర్లేదు. కాగితం లేకపోతే మళ్ళీ మొదటి నుంచే.

మేకు గుచ్చుకుంటే టీటీ, గేటు గీసుకుంటే టీటీ, ఏడాదికి మూడుసార్లు వేయించుకునేవాళ్ళున్నారు. ఇప్పుడు దాని చోట టీడీ వచ్చింది. చిన్నప్పటి టీకాలు పూర్తయి, ఆఖరిది అయిదేళ్ళలోపు పడి ఉంటే మట్టిగాయానికైనా మళ్ళీ అక్కర్లేదు. ఆఖరిది ఎప్పుడు పడిందో చెప్పడానికే ఈ పుస్తకం.

బేదులైతే

ఓఆర్ఎస్ ప్యాకెట్ పెద్దదైతే లీటరు నీళ్ళలో, చిన్నదైతే 200 మి.లీ.లో, మొత్తం ఒకేసారి కలపాలి. చెంచాడు చెంచాడు చొప్పున గ్లాసుల్లో కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. పిల్లలకు జింక్ పద్నాలుగు రోజులు, బేదులు ఆగినా ఆపకుండా. రంగు డబ్బాల్లో తియ్యగా అమ్మిన పానీయాలు ఓఆర్ఎస్ కాదని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో వాటి మీద ఆ పేరు వాడొద్దని ఆదేశమొచ్చింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

నెలకోసారి డబ్బా దులపడం

మే నెలలో మన ఇళ్ళలో ఫ్రిజ్ పైన, టీవీ పక్కన, కిటికీలో పెట్టిన మందు వేడికి గడువు రాకముందే పాడవుతుంది. బీరువాలో కింది అర మంచిది, పిల్లలకు అందకపోతే. నీళ్ళు కలిపిన పొడి యాంటీబయాటిక్ సిరప్ చాలావరకు వారం దాటితే పారబోయాల్సిందే, కంటి చుక్కలు మూత తీసిన నెలకు. మూత తీసిన తేదీ సీసా మీదే రాయండి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో మాత్రం కాదు. గడువు దాటిన బిళ్ళలు షీటులోంచి తీసి మట్టిలోనో కాఫీపొడిలోనో కలిపి చెత్తకు వేయండి, కాలవలోకి వద్దు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ పక్కింటివాళ్ళకు దానమివ్వకండి.

డబ్బా దులిపిన రోజే ప్రతి ఒక్కరి పేజీలో "ఇప్పుడు వాడుతున్నవి" జాబితా చూసి, డాక్టరు ఆపేసిన వాటి మీద అడ్డగీత కొట్టి పక్కన తేదీ వేయండి. కొట్టివేతలు కనపడేట్టే ఉంచండి, ఏ మందు ఎప్పుడు ఎందుకు ఆపారో కొత్త డాక్టరుకు కావాలి. పుస్తకం నిండితే పారేయకుండా, ఎర్ర సిరా లైన్లన్నీ కొత్తదాని మొదటి పేజీల్లోకి ఎక్కించి, పాతదాన్ని టీకాల కార్డులు, ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న కవర్లోనే పెట్టండి.